సముద్రానికి ఇవతల మిగిలిన సగం
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం)

బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసిన ప్రతి విద్యార్థికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి తెలుసు. నమూనాలోని ఫాస్ఫేటుకు ఆమ్లం సమక్షంలో అమ్మోనియం మాలిబ్డేటు కలిపి, తర్వాత క్షయకరణి వేస్తే పరీక్షనాళికలో నీలిరంగు తేలుతుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ ఉన్నట్టు. కలరిమీటరులో చూసి, రీడింగు రాసుకుని, రికార్డు మీద లెక్చరరుగారి సంతకం పడితే ఆ పూటకి గండం గడిచినట్టే. 1925లో అచ్చయిన పద్ధతి ఇది. వందేళ్లయినా పాతబడలేదు. ఆ పేరులోని సుబ్బారావు మన భీమవరంలో పుట్టినవాడని విన్నప్పుడు ఎవరికైనా ఛాతీ కాస్త ఉబ్బుతుంది. తర్వాత మరిచిపోతాం.

ఆయన కనిపెట్టిన మందుల గురించి చాలామంది రాశారు. నేను ఆయన జీవితం మొదటినుంచీ చెబుతూనే, ఎవరూ పెద్దగా ఆగని ఒక చోట కాసేపు ఆగుదామనుకుంటున్నాను. భర్త ఉన్న దేశానికి భార్య వెళ్లడమన్న సంగతి అది. నూజివీడు మామిడి సీమలోని మా ఉంగుటూరు ప్రాంతంలో ఈ రోజు అదొక మామూలు మాట. పెళ్లయిన ఆడపిల్లని గన్నవరం దాకా వెళ్లి విమానం ఎక్కించి రావడం, పక్క ఊరికి సారె తీసుకెళ్లి దింపి వచ్చినంత సులువుగా చెప్పుకుంటారు. సుబ్బారావుగారి కాలంలో అది మామూలు మాట కాదు. ఆయన భార్య శేషగిరిగారి విషయంలో అసలు జరగనే లేదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగోవాడు. ఇంట్లో లేమి. 13 ఏళ్ల వయసులో, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు వదిలి బయల్దేరాడట. తల్లి వెనక్కి రప్పించింది. ఒంటి మీది నగలు అమ్మి చదివించింది. రాజమండ్రిలో చదివినా మెట్రిక్ గట్టెక్కలేదు. చివరికి మద్రాసు హిందూ హైస్కూల్లో మూడో ప్రయత్నానికి పాసయ్యాడు. సప్లిమెంటరీలు రాస్తున్న మిత్రులు ఈ ఒక్క సంగతైనా గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. ఆ రోజుల్లోనే రామకృష్ణ మిషన్ వైపు మనసు లాగింది. సన్యాసం తీసుకుందామనుకున్నాడు. తల్లి ఒప్పుకుంటేనే అన్నారు అక్కడివాళ్లు. ఆవిడ ససేమిరా అంది. సరే, డాక్టరై జనానికి సేవ చేద్దామని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఖర్చులకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చేయిచ్చారు. 1919లో ఆ సూర్యనారాయణమూర్తిగారి అమ్మాయి శేషగిరినే పెళ్లి చేసుకున్నాడు. సన్యాసి కావాలనుకున్నవాడు గృహస్థుడయ్యాడు.

గాంధీగారి పిలుపు విని ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డుకి కోపం వచ్చింది. రాతపరీక్షలు బాగా రాసినా చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం కోసం ప్రయత్నిస్తే దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పడానికి చేరాడు. అంతలో ఇంటి మీద పిడుగు పడింది. స్ప్రూ అనే వ్యాధి, తిన్నది ఒంటికి పట్టక విరేచనాలతో మనిషిని తోడేసే జబ్బు, కొద్దిరోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ముల్ని తీసుకుపోయింది. ఈయనకీ సోకింది. లక్ష్మీపతిగారి వైద్యంతో బతికి బయటపడ్డాడు. ఆ జబ్బు అంతు చూడాలన్న పట్టుదలే ఆయన్ని అమెరికా వైపు నడిపించింది. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల వైద్యం నేర్పే శాఖలో సీటు సంపాదించాడు. మామగారి డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరా కలిపి ఓడెక్కాడు. 1924కు ముందే బోస్టన్‌లో దిగాడు. చదువుకుని తిరిగి రావాలనే వెళ్లాడు. శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన మగబిడ్డ పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు.

ఇక్కడ చట్టం సంగతి కాస్త చెప్పుకోవాలి. లేకపోతే భార్యాభర్తల మధ్య ఏం జరిగిందో అర్థం కాదు. 1917లో అమెరికా చేసిన వలస చట్టం ఆసియా పటం మీద గీతలు గీసి, ఆ గీతల లోపలివాళ్లు రాకూడదంది. మన దేశం ఆ గీతల లోపలే ఉంది. అయితే విద్యార్థులకు, వైద్యులకు, ఉపాధ్యాయులకు, వర్తకులకు మినహాయింపు పెట్టారు. వాళ్ల భార్యలకూ, 16 ఏళ్లలోపు పిల్లలకూ కూడా పెట్టారు. అంటే ఆయన బోస్టన్ చేరిన కొత్తల్లో శేషగిరిగారికి కాగితం మీద దారి ఉంది. చేతిలో డబ్బే లేదు. ఆయనే ఆసుపత్రిలో రాత్రిళ్లు చిన్నాచితకా పనులు చేసి పొట్ట పోసుకుంటున్న రోజులవి. ఓడ టిక్కెట్టు ఎవరు కొంటారు, వచ్చాక ఏం పెట్టి పోషిస్తాడు?

ఆ సన్నటి సందు కూడా ఎంతోకాలం తెరిచి లేదు. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. 1924 మే నెలలో కొత్త చట్టం వచ్చింది. పౌరసత్వానికి అర్హత లేని జాతులవారు స్థిరపడడానికి రాకూడదని దాని సారాంశం. దీనిలోనూ మినహాయింపులున్నాయి. మత బోధకులు రావచ్చు, కాలేజీ ప్రొఫెసర్లు రావచ్చు, వాళ్ల భార్యలూ రావచ్చు. విద్యార్థి కూడా రావచ్చు. విద్యార్థి పక్కన మాత్రం భార్య అన్న మాట లేదు. 1917లో ఉన్న ఆ ఒక్క మాట 1924లో తీసేశారు. ఆ మాటతోపాటే శేషగిరిగారి దారీ పోయింది.

అప్పటి చట్టం ఎంత కఠినమో చెప్పడానికి ఇంకో ఉదాహరణ ఉంది. బెంగాలీ దేశభక్తుడు తారక్‌నాథ్ దాస్ అమెరికా పౌరుడు. థింద్ తీర్పు తర్వాత ఆయనలాంటి వాళ్ల పౌరసత్వం మీదే వేటు పడింది. 1924లో ఆయన్ని పెళ్లాడిన మేరీ అమెరికాలోనే పుట్టిన ఇల్లాలు. పౌరసత్వానికి అర్హత లేనివాణ్ని చేసుకున్నందుకు పుట్టిన దేశంలోనే ఆవిడ పౌరసత్వం పోయింది. మన దగ్గర పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది. అక్కడ దేశమే లేకుండా చేశారు. మన దేశపు ఆడది భర్త వెంట అక్కడికి వెళ్లలేదు, ఆ దేశపు ఆడది మనవాణ్ని చేసుకుని అక్కడ నిలబడలేదు.

ఇక ఆయన పని. హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర చేరి, మనం మొదట చెప్పుకున్న ఫాస్ఫరస్ పద్ధతిని తయారుచేశాడు. ఆ పనిముట్టుతోనే కండరాల్లో వెతికితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో ఏ.టి.పి. బయటపడింది. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. కండరం కదిలే శక్తి గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడంలోనే ఉందనే సిద్ధాంతం 1922లో నోబెల్ బహుమతి పొందినవాళ్లది. ఈ రెండు పదార్థాలు బయటపడ్డాక దాన్ని సరిదిద్దుకోక తప్పలేదు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డులో శాశ్వతమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ లేబొరేటరీస్‌కి మారి, రెండేళ్లలో అక్కడి పరిశోధనలకు డైరెక్టరయ్యాడు. అదే 1940లో అమెరికాలో ఉన్న విదేశీయులంతా వేలిముద్రలు వేసి పేరు నమోదు చేయించుకోవాలని మరో చట్టం వచ్చింది. యుద్ధకాలంలో ఆ దేశపు మందుల పరిశోధనకు ముందు నిలిచిన మనిషి, ఆ దేశం లెక్కలో మాత్రం పరదేశి.

లెడర్లీలో ఆ ఎనిమిదేళ్లలో ఆయన నడిపించిన పని చూస్తే కళ్లు తిరుగుతాయి. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. ఈ రోజు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణికి ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది అదే. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకీ అదే మందయింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను 1947లో బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్‌కి ఇచ్చారు. రక్తక్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. అది మొదలు. దాని చెల్లెలు లాంటి మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సర్‌కీ, కీళ్లవాతానికీ వాడుతున్నారు. హెట్రజాన్ బోదకాలు మందు. మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర అదే. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబమంతటికీ పెద్దది అదే. డగ్గర్‌కి ఆ పని అప్పగించి వెనక నిలబడ్డది సుబ్బారావుగారే. తన పేరు ముందు పెట్టుకునే అలవాటు ఆయనకు లేదు. తెలుగువాళ్లలోనే చాలామందికి ఆలస్యంగా తెలియడానికి అదీ ఒక కారణం.

1946 జులై 2న ట్రూమన్ సంతకంతో చట్టం మారింది. భారతీయులు పౌరులు కావచ్చు. వలసకు ఏడాదికి 100 మందిని రానిస్తారు. అప్పటి మన దేశ జనాభా సుమారు 40 కోట్లు, ఆ 40 కోట్లకి 100. అయినా 22 ఏళ్లు మూసి ఉన్న తలుపు కాస్త తెరుచుకుంది. సుబ్బారావుగారి చేతిలో అప్పటికి రెండేళ్లే మిగిలాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండె ఆగి పోయారు. అప్పటికీ ఆయన అమెరికా పౌరుడు కాలేదు. భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు.

ఇప్పుడు నా మాట చెబుతాను. సుబ్బారావుగారంటే నాకు భక్తి. సైన్సు విద్యార్థిగా ఆయన కంటే పెద్ద మనిషి నాకు ఈ గడ్డ మీద కనిపించడు. కానీ తప్పంతా అమెరికా చట్టానిదేనని చెప్పి చేతులు దులుపుకోవడం సరి కాదనిపిస్తుంది. చట్టం శేషగిరిగారు వెళ్లే దారిని మూసింది. ఆయన వచ్చే దారిని మూయలేదు. వస్తే తిరిగి రానిస్తారన్న హామీ లేదు, నిజమే. ఇక్కడ చిన్న ఉద్యోగానికే కాదన్నారు, అదీ నిజమే. మన దగ్గర ఆ రోజుల్లో అంతటి ప్రయోగశాల లేదు. ఈ మూడూ తూకంలో వేసినా, రావచ్చు, రాలేదు అన్న మాట మిగిలిపోతుంది. సన్యాసం ఇవ్వడానికి ఆనాడు మద్రాసులో తల్లి అనుమతి అడిగారు. ప్రయోగశాలలో ఆయన తీసుకున్న రెండో సన్యాసానికి భార్య అనుమతి అడగాలని ఎవరికీ తోచలేదు.

అలాగని ఆయన వచ్చేస్తే బాగుండేదని అనగలనా? వచ్చి ఉంటే ఆ మందుల్లో ఏది ఎప్పటికి వచ్చేదో ఎవరం చెప్పలేం. లక్షల మంది బిడ్డల్ని ఒక పక్కా, ఒక ఇల్లాలి జీవితాన్ని ఒక పక్కా పెట్టి తూచమంటే నా వల్ల కాదు. నేనడిగేది చిన్నది. ఆ తూకంలో ఒక పక్క శేషగిరిగారు ఉన్నారని ఒప్పుకోవాలి. మా వైపు మామిడి తోట గుత్తకు తీసుకునేవాడు కాపు చూసి బేరమాడతాడు. మొక్క చిన్నప్పుడు కుండతో నీళ్లు మోసి పోసింది ఎవరని అడగడు. మనం గొప్పవాళ్ల జీవితాలు చదివేది కూడా గుత్తదారుల్లాగే. ఆ చదువు ఖర్చులో శేషగిరిగారి పుట్టింటి డబ్బుంది. ఆ పరిశోధన ఖర్చులో ఆవిడ ఎదురుచూసిన ఏళ్లున్నాయి.

ఆ తర్వాత చట్టాలు చాలా మారాయి. 1965లో అమెరికా దేశాలవారీ కోటాల్ని ఎత్తేసి, కుటుంబాల్ని కలపడం ముఖ్యమంది. ఇప్పుడు అక్కడి పౌరుడి భార్యకో భర్తకో సంఖ్యా పరిమితి లేదు. గ్రీన్ కార్డు ఉన్నవాడి భార్య మాత్రం వరసలో నిలబడాలి, ఆ వరసకు ఏటా ఒక హద్దుంది. పెళ్లయి రెండేళ్లు నిండకముందే గ్రీన్ కార్డు వస్తే, 1986 చట్టం ప్రకారం అది రెండేళ్ల షరతు మీద ఇచ్చేది. గడువు ముగిసే ముందు ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవాలి. విద్యార్థి భార్యకు ఎఫ్-2, ఉద్యోగి భార్యకు హెచ్-4. అంటే 1924లో తీసేసిన ఆ మాట మళ్లీ కాగితం మీదికి వచ్చింది. అయితే ఎఫ్-2 మీద వెళ్లినవారు ఉద్యోగం చేయకూడదు. హెచ్-4 వాళ్లలో కొందరికి, భర్త గ్రీన్ కార్డు దారిలో కొంత ముందుకెళ్లాకే, పని చేసే అనుమతి 2015లో ఇచ్చారు.

మా ఊళ్ల సంబంధాల్లో ఈ అంకెలూ అక్షరాలూ జాతకాల కన్నా ముందు వస్తున్నాయి. అబ్బాయికి హెచ్-వన్నా, గ్రీన్ కార్డా, సిటిజనా అని అడుగుతారు. అడిగేది కట్నం లెక్క కోసం. అమ్మాయికి ఏ కాగితం వస్తుంది, ఆ కాగితం మీద ఆ పిల్ల ఉద్యోగం చేయొచ్చా, బ్యాంకులో తన పేరున ఖాతా ఉంటుందా, కాపురం చెడితే ఆ కాగితం ఏమవుతుంది అని అడిగే పెద్దమనిషి నాకింతవరకు కనిపించలేదు. మా బంధువుల్లో ఒక అక్క ఇంజినీరింగు ఫస్టు క్లాసులో పాసై, పెళ్లి చేసుకుని వెళ్లి, కొన్నేళ్లు ఇంట్లో కూర్చుంది. ఫోన్లో ఎప్పుడు అడిగినా బాగానే ఉన్నానంటుంది. శేషగిరిగారు సముద్రానికి ఇవతల ఎదురుచూశారు, ఈ అక్క అవతల ఎదురుచూసింది. మధ్యలో వందేళ్లు. మొగుణ్ని చూడ్డానికే నోచుకోని రోజుల కన్నా ఇది నయమే, కాదనను. నయమైనంత మాత్రాన అడగడం మానుకోనక్కర్లేదు.

మన కాలేజీ నుంచి ఏటా ఎందరో పై చదువులకు పరాయి దేశాలు వెళుతున్నారు. కొందరు చదువు మీద, కొందరు పెళ్లి మీద. వెళ్లే అబ్బాయిలకు సుబ్బారావుగారి పట్టుదల రావాలని కోరుకుంటాను. దానితోపాటు, వెనక ఉన్నవాళ్లకు ఎప్పుడు వస్తానో, రాలేకపోతే ఎందుకు రాలేనో నోరు విప్పి చెప్పే అలవాటు కూడా రావాలి. పెళ్లి చేసుకుని వెళ్లే అమ్మాయిలు మూడు పనులు చేయాలి. వీసా పేరేమిటో, దాని మీద ఏం చేయొచ్చో ముహూర్తం పెట్టకముందే తెలుసుకోవాలి. రాష్ట్రంలో 2002 నుంచి తప్పనిసరైన వివాహ రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఒక నకలు తన దగ్గర ఉంచుకోవాలి. పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు తన చేతిలోనే పెట్టుకోవాలి. సిగ్గుపడాల్సిన ప్రశ్నలు కావు ఇవి.

1995లో సుబ్బారావుగారి శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. శేషగిరిగారి పేరు మీద ఏమీ లేదు. వచ్చే జనవరి 12న మన సైన్సు అసోసియేషన్ ఆయన జయంతి జరిపితే, ఉపన్యాసం ఇచ్చేవారు ఆ పేరు కూడా ఒక్కసారి పలకాలని యూనియన్ తరఫున కోరుతున్నాను.